కావలి: మింట్‌లో నిన్నటి తేదీ, విండోస్‌లో 2012. ఈ గడియారానికి ఏమైంది?

ట్రంకు రోడ్డు డీటీపీ, కావలి

అందరికీ నమస్కారం. కావలిలో ట్రంకు రోడ్డు పక్కన చిన్న డీటీపీ, జిరాక్సు షాపు నడుపుతున్నాను. నా దగ్గర ఉన్నది 2012 నాటి మదర్‌బోర్డుతో ఉన్న డెస్క్‌టాప్, సెకండ్ హ్యాండులో కొన్నది. మొదట అందులో లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఒక్కటే ఉండేది, ఇప్పుడు మింట్ 22 నడుస్తోంది. పెళ్లి పత్రికల పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉన్నందువల్ల వాటి కోసం ఏడాది కిందట ఇంకొక హార్డ్ డిస్కు తగిలించి అందులో విండోస్ 7 వేయించాను. దరఖాస్తులు, టైపింగు, రసీదులు అన్నీ మింట్‌లోనే చేస్తాను. విండోస్‌ను వారానికి రెండు మూడుసార్లకు మించి తెరవను.

నాలుగు నెలలుగా దీని గడియారం నిలకడగా ఉండటం లేదు. తప్పు రోజూ ఒకే రకంగా ఉంటే నేనే ఏదో ఒకటి సర్దుకునేవాణ్ణి, కానీ ఒక్కో రోజు ఒక్కో తీరుగా ఉంటోంది. కొన్ని రోజులు ఉదయం షాపు తెరిచి మింట్‌లోకి వెళ్తే, ముందురోజు రాత్రి నేను కంప్యూటరు ఆపిన వేళ దగ్గరే గడియారం నిలబడి ఉండి, అక్కడి నుంచి నడక మొదలుపెడుతుంది. కొన్ని రోజులు పట్టపగలు పన్నెండు గంటలకు సాయంత్రం అయిదున్నర చూపిస్తుంది. విండోస్‌లోకి వెళ్తే ఒకరోజు 1 జనవరి 2012 అని ఉంటుంది, ఇంకొకరోజు తేదీ సరిగానే ఉండి వేళ మాత్రం తెల్లవారుజాముగా ఉంటుంది. 2012 చూపించిన రోజు విండోస్ బ్రౌజరులో ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోదు. మింట్‌లో సైట్లు తెరుచుకుంటాయి గానీ, అప్‌డేట్ మేనేజరు మాత్రం రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని, ఇంకా ఇన్ని గంటలు ఆగాలని చెబుతుంది. షాపులో బ్రాడ్‌బ్యాండ్ లేదు. ఫోనును యూఎస్‌బీ వైరుతో తగిలించి అవసరమైనప్పుడే నెట్ వాడతాను. అలా కలిపిన రెండు మూడు నిమిషాలకు మింట్ గడియారం తానే సర్దుకుంటుంది.

దీనితోపాటు ఇంకొక ఇబ్బంది ఉంది, సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. మింట్ ఉన్న డిస్కు ముందు తెరుచుకునేలా బయోస్‌లో (ఆన్ చేయగానే ఓఎస్ కంటే ముందు వచ్చే బోర్డు సెటప్‌లో) పెట్టి సేవ్ చేస్తాను, నాలుగు రోజులకు అది మళ్లీ మొదటికి వచ్చి నేరుగా విండోస్ తెరుచుకుంటుంది.

గత వారం బిట్రగుంట నుంచి వచ్చిన ఒకమ్మాయికి పరీక్ష ఫీజు కట్టి రసీదు ఇచ్చాను. లిబ్రేఆఫీసులో నేను చేసుకున్న రసీదులో తేదీ దానంతటదే పడుతుంది. ఆ అమ్మాయి ఇంటికి చేరాక వాళ్ల నాన్న ఫోను చేసి, ఈరోజు కట్టిన డబ్బుకు నిన్నటి తేదీ ఎందుకు వేశారని అడిగారు. నా కౌంటరులో నేనే తలదించుకోవలసి వచ్చింది. ఇక్కడ ఒక రిపేరు దుకాణంలో అడిగితే, రెండు ఓఎస్‌లు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయని, మింట్ తీసేసి మొత్తం ఫార్మాట్ కొట్టాలని అన్నారు. అంతకుమించి దారి లేదా?

కందుకూరు కుర్రాడు

డేట్ అండ్ టైమ్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ టైమ్ అనేది ఆన్ చేయండి, సరిపోతుంది. నాకు అలాగే పోయింది.

సోల్డరింగ్ ఐరన్, ఒంగోలు

ట్రంకు రోడ్డు మిత్రులకు: దయచేసి ఫార్మాట్ కొట్టించకండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటీ ఫార్మాట్‌తో పోయేది కాదు, పైగా కొత్తగా వేసిన ఓఎస్‌లోనూ మర్నాడు ఉదయం ఇదే కనిపిస్తుంది.

కందుకూరు తమ్ముడు చెప్పిన సెట్టింగు మీ దగ్గర ఇప్పటికే ఆన్‌లో ఉన్నట్టుంది, లేకపోతే నెట్ కలిపిన రెండు నిమిషాలకు గడియారం తనంతట తాను సర్దుకోదు. నెట్ లేని ఆ మొదటి అరగంటలోనే మీ రసీదు తప్పుతోంది, కాబట్టి నెట్ రాకముందు గడియారం ఎందుకు తప్పుగా ఉంటోందన్నది తేలాలి.

దానికి రెండు రోజుల పరిశీలన చాలు. ఒక రాత్రి మీరు మామూలుగా ఎలా ఆపుతారో అలాగే ఆపండి. మర్నాడు ఉదయం ఫోను తగిలించకుండా మింట్‌లో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి టైమ్‌డేట్‌సీటీఎల్ (timedatectl) అని కొట్టి, వచ్చిన వరుసలన్నీ, పక్కన మీ చేతి గడియారం చూపిస్తున్న వేళతో సహా కాగితం మీద రాసుకోండి. ఆ వరుసల్లో ఆర్టీసీ టైమ్ అని ఒకటి ఉంటుంది; అది బస్సుల ఆర్టీసీ కాదు, బోర్డు మీద ఉండే రియల్ టైమ్ క్లాక్. మాకు కావలసినది ముఖ్యంగా ఆ వరుసే. రెండో రాత్రి కంప్యూటరును షట్‌డౌన్ మాత్రమే చేసి, గోడ దగ్గర స్విచ్ ఆన్‌లోనే వదిలి, ఉదయం మళ్లీ అదే పని చేయండి. అడగవలసినది ఇంకొకటి ఉంది: రాత్రి షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేస్తారా? ఆన్ చేయగానే, ఏ ఓఎస్ రాకముందు, నల్లటి తెర మీద ఏమైనా వాక్యం వస్తుందా?

ట్రంకు రోడ్డు డీటీపీ, కావలి

మీరు చెప్పినట్టే చేశాను. మెయిన్ స్విచ్ విషయానికొస్తే, ఎండాకాలంలో పక్క షాపులో వైరింగు కాలినప్పటి నుంచి రాత్రి ఇంటికి పోయేటప్పుడు మెయిన్ కట్టేస్తున్నాను. హడావిడిలో వెళ్లిన రోజు మరిచిపోతుంటాను. నల్ల తెర మీద చెక్‌సమ్ ఏదో తప్పిందని, ఎఫ్1 నొక్కమని ఒక ఇంగ్లీషు వాక్యం కొన్ని రోజులు వస్తుంది. నెలల తరబడి చూస్తున్నాను కాబట్టి అది మామూలే అనుకుని ప్రశ్నలో రాయలేదు, క్షమించండి.

మెయిన్ కట్టిన మర్నాడు, సోమవారం ఉదయం 9:15కి: లోకల్ టైమ్ ఆదివారం రాత్రి 8:47, యూనివర్సల్ టైమ్ ఆదివారం 15:17, ఆర్టీసీ టైమ్ 1 జనవరి 2012, 00:06. సింక్రనైజ్డ్ దగ్గర నో అని, ఎన్‌టీపీ సర్వీస్ దగ్గర యాక్టివ్ అని ఉంది. ఆ రోజు ఎఫ్1 వాక్యం కూడా వచ్చింది. సెటప్‌లో మింట్ డిస్కును మళ్లీ ముందుకు తెచ్చాను.

సోమవారం సాయంత్రం ఒక పెళ్లి పత్రిక కోసం విండోస్‌లోకి వెళ్లి, అక్కడ తేదీ, వేళ నా చేత్తో సరిచేసి పని చేసుకున్నాను. రాత్రి మెయిన్ కట్టలేదు. మంగళవారం ఉదయం 9:20కి ఎఫ్1 వాక్యం రాలేదు, మింట్ నేరుగా వచ్చింది, కానీ లోకల్ టైమ్ 14:50 అని, యూనివర్సల్ టైమ్, ఆర్టీసీ టైమ్ రెండూ 9:20 అని ఉన్నాయి. ఆర్టీసీ వరుస నా చేతి గడియారంతో సరిపోయిన రోజే మింట్ గడియారం తప్పడం నాకు అంతుపట్టలేదు.

సోల్డరింగ్ ఐరన్, ఒంగోలు

ఇంత శుభ్రంగా రాసిచ్చేవాళ్లు తక్కువ. మీ కంప్యూటరులో ఉన్నవి రెండు వేరువేరు లోపాలు, ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోవడంవల్లే రోజుకో రకంగా కనిపిస్తున్నాయి. సోమవారం నాటిది బ్యాటరీ లోపం. మంగళవారం నాటిది లోపం కూడా కాదు, అలవాటు తేడా. దాని సంగతి నెల్లూరు మిత్రులెవరైనా చెబుతారు, నేను బ్యాటరీ గురించి చెబుతాను.

బోర్డు మీద రియల్ టైమ్ క్లాక్‌ను నడిపేది సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న స్ఫటికం. కంప్యూటరు ఆపేసినా గోడ దగ్గర స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది, గడియారం దానితోనే నడుస్తుంది. మీరు మెయిన్ కట్టేసిన క్షణం నుంచి దానికి దిక్కు ఆ గుండ్రటి సీమాస్ బ్యాటరీ ఒక్కటే. అది చచ్చిపోయింది కాబట్టి, మర్నాడు కరెంటు రాగానే గడియారం తయారీనాటి తేదీతో, అంటే మీ బోర్డు విషయంలో 1 జనవరి 2012తో మొదలవుతోంది. మీలాంటి పాత బోర్డుల్లో బయోస్ సెట్టింగులు కూడా ఆ బ్యాటరీ ఆసరాతోనే నిలుస్తాయి. ఏ డిస్కు ముందు తెరవాలన్న మీ ఏర్పాటు నాలుగు రోజులకోసారి ఎగిరిపోవడానికీ, ఎఫ్1 వాక్యానికీ కారణం ఇదే.

మరి మింట్‌లో 2012 కనిపించకుండా ఆదివారం రాత్రి 8:47 ఎందుకు కనిపించిందన్నది మీకు సందేహం రావచ్చు. నాకు ఇందులో బాగా నచ్చిన విషయం అదే. మింట్‌లో సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ అనే సేవ నెట్ లేని సమయంలో కూడా నిమిషానికోసారి అప్పటి వేళను డిస్కు మీద గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ ఆన్ అయినప్పుడు బోర్డు చెప్పే వేళ తన గుర్తు కంటే పాతదైతే, దాన్ని నమ్మకుండా తన గుర్తు దగ్గరికి గడియారాన్ని జరుపుతుంది. కాలం వెనక్కి పోదని దానికి తెలుసు, కానీ మధ్యలో ఎంతసేపు కంప్యూటరు ఆగి ఉందో తెలియదు. అందుకే మీరు స్విచ్ ఆపిన వేళ దగ్గరే మీ తెల్లవారింది. విండోస్ 7 బోర్డు చెప్పినదాన్ని చెప్పినట్టే చూపిస్తుంది కాబట్టి అక్కడ 2012 బయటపడింది. నెట్ కలిపినా విండోస్ ఎందుకు సర్దుకోలేదంటే, ఇళ్లలో, షాపుల్లో విడిగా వాడే కంప్యూటరులో తేడా 15 గంటలు దాటితే తనంతట తాను సరిచేయకూడదని దానికి ముందే కట్టుబాటు ఉంటుంది.

బ్యాటరీ పేరు సీఆర్ 2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. కొలతలు పేరులోనే ఉన్నాయి. 2025 అంటగట్టబోతే తీసుకోకండి, అది 2.5 మిల్లీమీటర్లే కాబట్టి గూటిలో వదులుగా ఉంటుంది. వాచీలు బాగుచేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. మార్చేటప్పుడు వైరును గోడ నుంచి పూర్తిగా పీకి, పవర్ బటన్‌ను అయిదారు సెకన్లు నొక్కి పట్టుకుని, కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి అప్పుడు లోపల చెయ్యి పెట్టండి. గూటి పక్కనున్న చిన్న కొక్కేన్ని గోటితో నెడితే బ్యాటరీ తానే పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు, అక్షరాలు ఉన్న ముఖం పైకి ఉండాలి. బ్యాటరీ తీస్తే సెట్టింగులు పోతాయని మామూలుగా అందరినీ హెచ్చరిస్తాను, మీవి ఎటూ పోతూనే ఉన్నాయి కాబట్టి భయం లేదు. పాతదాన్ని మాత్రం కౌంటరు మీద వదలకండి, చిన్నపిల్లలు మింగితే అన్నవాహికను లోపల కాల్చేస్తుంది.

పెన్నా ఒడ్డు, నెల్లూరు

మంగళవారం సంగతి నేను చెబుతాను. మీ కాగితంలో 14:50లో నుంచి 9:20 తీసేయండి, సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వస్తుంది. మన దేశంలో గడియారం తేడా అటూ ఇటూ కాకుండా సరిగ్గా ఇంతే ఉంటే, బ్యాటరీని అనుమానించనక్కర్లేదు. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కిస్తే 330 నిమిషాలు, అంటే యూటీసీ (మీ కాగితంలోని యూనివర్సల్ టైమ్, ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే అయిదున్నర గంటలు ముందు.

లైనక్స్ బోర్డు గడియారాన్ని యూటీసీలో ఉంచి, తెర మీద చూపించేటప్పుడు అయిదున్నర గంటలు కలుపుతుంది. విండోస్ డాస్ కాలం నాటి అలవాటు ప్రకారం బోర్డు గడియారంలో మన వేళనే రాసిపెడుతుంది. సోమవారం సాయంత్రం విండోస్‌లో మీరు వేళ దిద్దినప్పుడు బోర్డులోకి మన వేళ వెళ్లింది. మంగళవారం మింట్ దాన్ని యూటీసీ అనుకుని ఇంకో అయిదున్నర గంటలు కలిపింది. ఇదే తిరగేస్తే, మింట్‌కు నెట్ అందిన రోజు అది బోర్డులో యూటీసీ రాస్తుంది, తర్వాత విండోస్ తెరిస్తే పది గంటలకు తెల్లవారుజాము నాలుగున్నర కనిపిస్తుంది. రెండు ఓఎస్‌లు కొట్టుకుంటున్నాయన్న రిపేరు దుకాణం వారి మాటలో ఈ మేరకు నిజం ఉంది, ఫార్మాట్ మాత్రం అక్కర్లేదు. మొదట మింట్ ఒక్కటే ఉండి తర్వాత విండోస్ వచ్చి చేరినందువల్ల మింట్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

విండోస్‌లో సైట్లు తెరుచుకోక, మింట్‌లో తెరుచుకోవడం కూడా ఇందులోదే. ప్రతి సైటు సర్టిఫికెట్‌కూ మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. 2012లో ఉన్న కంప్యూటరుకు ఇవాళ్టి సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనివే. మింట్ వెనకబడింది ఒక రాత్రి మాత్రమే కాబట్టి సైట్లకు ఇబ్బంది లేదు. అప్‌డేట్ల రిలీజ్ ఫైలు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంది, నిన్నటి గడియారానికి అది రేపటి కాగితంలా కనిపిస్తుంది.

ఇక రెండు ఓఎస్‌లలో ఒకదాని అలవాటు మార్చాలి. నా సలహా విండోస్‌ను మార్చమని. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే పట్టికలో) టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ అనే చోట రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే డీవర్డ్ (అంకె విలువ) సృష్టించి విలువ 1 ఇస్తే విండోస్ కూడా బోర్డులోని వేళను యూటీసీగా చదువుతుంది. పద్ధతి ప్రకారం అదే సరైనది.

సోల్డరింగ్ ఐరన్, ఒంగోలు

నెల్లూరు మిత్రుల వివరణతో పూర్తిగా ఏకీభవిస్తాను, సలహాతో మాత్రం కాదు. పేజ్‌మేకర్ కోసం ఉంచుకున్న పాత విండోస్ 7లో, ఒక పేరు తప్పు కొడితే పత్రికల పని మొత్తం ఆగిపోయే షాపులో, రిజిస్ట్రీ ముట్టుకోమని నేను చెప్పను. బోర్డులో మన వేళే ఉంటుందని మింట్‌కు చెబితే చాలు, అది ఒక్క వరుసతో జరుగుతుంది: టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1. ఇంగ్లీషులో కొట్టేటప్పుడు సెట్, లోకల్, ఆర్టీసీల మధ్య అడ్డగీతలు ఉంటాయి, 1కి ముందు ఖాళీ ఉంటుంది. బోర్డులో మన వేళ ఉంచితే ఇబ్బంది వచ్చేది ప్రధానంగా ఏటా గడియారాలను గంట ముందుకు, వెనక్కి జరుపుకునే దేశాల్లో. మనకు ఆ ఆచారం లేదు.

పెన్నా ఒడ్డు, నెల్లూరు

షాపు పరిస్థితి చూస్తే మీ మాటే నయం, ఒప్పుకుంటున్నాను. అయితే వరుసక్రమం తప్పకూడదు. మంగళవారం మింట్ అయిదున్నర గంటలు ముందుకు పోయినప్పుడు, టైమ్‌సింక్‌డీ ఆ రాబోయే వేళనే డిస్కు మీద గుర్తు పెట్టుకుని ఉంటుంది. అది ముందుకు జరపడమే గానీ వెనక్కి రానివ్వదు కాబట్టి, బ్యాటరీ మార్చి బయోస్‌లో సరైన వేళ పెట్టినా మింట్ మళ్లీ ముందుకు దూకవచ్చు, పైగా బయోస్‌లోని మన వేళను అది ఇంకా యూటీసీ అనుకునే అయిదున్నర గంటలు కలుపుతుంది; కొత్త బ్యాటరీ కూడా పాడైందని మీరు కంగారు పడతారు. అందుకని బ్యాటరీ వేశాక మింట్‌లోకి వచ్చి, ముందు ఫోను తగిలించి, టైమ్‌డేట్‌సీటీఎల్‌లో సింక్రనైజ్డ్ (నెట్ వేళతో సరిపోయిందా అన్నది) దగ్గర యస్ అని వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాతే ఒంగోలు వారి వరుస కొట్టండి. అప్పుడు మింట్ తన సరైన వేళను బోర్డులోకి రాస్తుంది.

పెన్‌డ్రైవులోకి బ్యాకప్ తీసుకునే అలవాటు ఉంటే, కొత్త ఫైళ్లనే కాపీ చేసే పద్ధతిని ఈ ఒక్కసారికి నమ్మకండి. గడియారం తప్పిన రోజుల్లో సేవ్ చేసిన ఫైలు నిజానికి కొత్తదైనా తేదీలో పాతదిగా కనిపించి కాపీ కాకుండా మిగిలిపోయి ఉండవచ్చు. మొత్తం ఫోల్డరును ఒకసారి వేరే చోటికి కాపీ చేసుకోండి.

ట్రంకు రోడ్డు డీటీపీ, కావలి

నిన్న ఆదివారం ఈ పని పెట్టుకున్నాను. కేబినెట్ తలుపు తీస్తే ఎస్‌ఎంపీఎస్ కింద రెండు బల్లి గుడ్లు, బోర్డు మీద వేలు పెడితే ముద్ర పడేంత దుమ్ము. పెయింటు బ్రష్‌తో దులిపాక గాని బ్యాటరీ కనపడలేదు. బజారులో వాచీలు బాగుచేసే పెద్దాయన పాతదాన్ని మీటరుకు ఆనించి చూస్తే 1.9 దగ్గర నిలబడింది, కొత్తది 3.2 చూపింది. నలభై రూపాయలు తీసుకున్నారు. ఫార్మాట్‌కు అడిగినదెంతో ఇక్కడ రాయను.

బయోస్‌లో తేదీ, వేళ, డిస్కుల వరుస సరిచేసి మింట్‌లోకి వచ్చాను. నెల్లూరు వారు చెప్పినట్టే, బయోస్‌లో నేను సరైన వేళ పెట్టినా మింట్ ముందుకు దూకింది. ఆ మాట ముందే చదివి ఉండకపోతే కొత్త బ్యాటరీని తిరిగి ఇచ్చేయడానికి వెళ్లేవాణ్ణి. ఫోను తగిలించి మూడు నిమిషాలు ఆగితే సింక్రనైజ్డ్ యస్ అని వచ్చింది. తర్వాత లోకల్ ఆర్టీసీ వరుస కొట్టి, రీస్టార్ట్ చేసి విండోస్‌లోకి వెళ్తే వేళ సరిగా ఉంది. మళ్లీ మింట్‌లోకి వస్తే ఇక్కడా సరిగానే ఉంది. రాత్రి కావాలనే మెయిన్ కట్టేసి వెళ్లాను. ఈ ఉదయం ఎఫ్1 వాక్యం రాలేదు, ఫోను తగిలించకుండానే రసీదులో ఇవాళ్టి తేదీ పడింది. బిట్రగుంట వారికి సరైన రసీదు వాట్సాప్‌లో పంపించాను.

ఒక్క సందేహం మిగిలింది. ఇప్పుడు టైమ్‌డేట్‌సీటీఎల్ కొడితే కింద పెద్ద ఇంగ్లీషు హెచ్చరిక వస్తోంది, బోర్డు గడియారం లోకల్ టైమ్‌లో ఉందని, దీనికి పూర్తి సపోర్టు లేదని. ఏమైనా చేయాలా?

పెన్నా ఒడ్డు, నెల్లూరు

ఏమీ చేయనక్కర్లేదు. ఆ హెచ్చరిక రాసినది ఒంగోలు వారు చెప్పిన గంట ముందుకు, వెనక్కి జరుపుకునే దేశాలను, టైమ్ జోన్లు మారే ప్రయాణికులను దృష్టిలో పెట్టుకుని. ఎప్పుడైనా విండోస్ డిస్కు తీసేసి మింట్ ఒక్కటే ఉంచుకుంటే మాత్రం, నెట్ కలిపి ఉన్నప్పుడు అదే వరుసను చివర 1కి బదులు 0తో కొట్టండి, హెచ్చరిక కూడా పోతుంది.